పల్లిచేలో కొడవలి

వనపర్తి బస్టాండులో చినుకులు పడుతుండగా పచ్చి పల్లికాయ ఉడుకుతున్న వాసన వచ్చిందంటే నేను ఎక్కవలసిన బస్సు ఎక్కను. మొన్న మళ్ళీ అదే జరిగింది. నాగర్‌కర్నూల్ బస్సు నా ఎదురుగానే ఆగింది. కండక్టర్ రెండుసార్లు పిలిచాడు కూడా. నేను మాత్రం గిన్నె మీద నుంచి లేస్తున్న ఉప్పునీళ్ళ ఆవిరిని చూస్తూ నిలబడిపోయాను. కాయల తొక్కకు ఇంకా కాస్త ఎర్రమట్టి అంటుకుని ఉంది. ఆవిరిలో ఎదుటి దుకాణాలు, ఆటోలు, గొడుగులు అన్నీ మెత్తబడి ఎక్కడికో జరిగిపోతున్నట్టు అనిపించింది. తేరుకునేసరికి బస్సు లేదు, చేతిలో వేడి పొట్లం ఉంది. ఇంకో గంట ఆ బెంచీ మీదే కూర్చున్నాను. పక్కన రత్నమాల మేడం కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటున్నట్టే ఉంది నాకు. ఆమె పోయి మూడేళ్ళయింది.

మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు. పేపర్లో ఫోటో పడే రకం మనిషి కాదు. గద్వాలలో ఉండి గద్వాల చీర కట్టకుండా, రంగు వెలిసిన నూలు చీరల్లో, గుడ్డసంచిలో పుస్తకాలు వేసుకుని రోజూ బస్సులో వనపర్తికి వచ్చేవారు. మేం చదివిన కాలేజీలో మతాల అధ్యయనం అని ఒక శాఖ ఉండేది. ఉండేది అంటే ఒక గది, రెండు బీరువాలు, ఇద్దరు అధ్యాపకులు, తొమ్మిదిమంది విద్యార్థులు. మేడం బైబిలు చెప్పేవారు. ఆ పాఠం వినడానికి ఒకరిద్దరు పాస్టర్ల పిల్లలు చేతులు జోడించుకుని కూర్చుంటే నవ్వి, "ప్రార్థనకు చర్చి ఉన్నది నాయినా, ఇక్కడ జర చేతులిప్పి పెన్ను పట్టుకో" అనేవారు. హీబ్రూ ఎక్కడో నగరంలో నేర్చుకున్నారట. తెలుగులో మాట్లాడినంత తేలిగ్గా దాన్ని చదివేవారు, ఆ తర్వాత దాని మీద మన పాలమూరు మాటల్లో వాదించేవారు.

నేను అక్కడికి భక్తితో వెళ్ళలేదు, తెలుగు ఎమ్మేలో సీటు రాక వెళ్ళాను. మాది తిమ్మాజిపేట దగ్గర వ్యవసాయ కుటుంబం. దేవుడి గూట్లో వెంకటేశ్వరస్వామి తప్ప ఇంకొకరు లేని ఇల్లు. మా నాయిన అడ్మిషన్ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "బైబులు సదివితే నౌకరి వస్తదా బిడ్డా, లేకుంటే వాళ్ళల్ల కలుపుకుంటరా?" అన్నాడు. రెండూ జరగవని చెప్పాను. "అయితే సదువు, మంచిదే" అన్నాడు. మా నాయినది అదీ పద్ధతి. ఏ పనిలోనైనా నష్టం లేదని తేలితే చాలు.

మొదటి నెలలోనే మేడం మా అందరి పరువు తీశారు. బైబిల్లో మొదటి మనుషులున్న తోటలో దేవుడు తినొద్దన్న పండు ఏదో రాయమన్నారు. తొమ్మిదిమందిలో ఎనిమిదిమందిమి ఆపిల్ అని రాశాం. పాస్టర్ల పిల్లలైతే కింద గీత కూడా గీశారు. "తెరువుండ్రి, చూపియ్యుండ్రి" అన్నారు. అరగంట వెతికాం. పండు అని ఉంది, పేరు లేదు. కిటికీలోంచి వేపగాలి వస్తోంది, మధ్యాహ్నపు ఎండలో గది సగం నిద్రలో ఉంది, మా ముఖాలు మాత్రం ఎర్రబడ్డాయి. "ఎవలో దూరదేశపోల్లు వాళ్ళ చెట్టు బొమ్మ గీసిండ్రు, మనం చూసినట్టే చెప్తున్నం. ఈ కథ కొల్లాపూర్‌ల పుట్టి ఉంటే మామిడిపండు అంటుంటిమి" అన్నారు. ఆపై బోర్డు మీద నిలువుగా రెండు గీతలు గీశారు. ఎడమవైపు పాఠంలో ఉన్నది. నడుమ దాని గురించి ఇతరులు అన్నది, అన్నవాళ్ళ పేర్లతో. కుడివైపు మనకు తోచింది. ఆ కుడివైపు జాగా నాలుగు వేళ్ళ వెడల్పు కూడా ఉండేది కాదు. అది మరీ చిన్నగా ఉందని నేను అడిగితే, "నింపి చూడు ముందు, పెద్దది నేనే చేస్త" అన్నారు. ఆ రోజు నుంచి ఆమె అంటే నాకు భయం, ఇష్టం రెండూ మొదలయ్యాయి. ఏది ఎక్కువో ఇప్పటికీ చెప్పలేను.

ఎమ్మే తర్వాత ఆమె దగ్గరే ఎం.ఫిల్‌కి చేరాను. నా అంశం పరిగె, అంటే కోత అయ్యాక చేలో మిగిలింది ఏరుకోవడం. చేను కోసేటప్పుడు అంచులదాకా కోయవద్దని, రాలింది యజమాని ఏరుకోవద్దని, అది బీదవాళ్ళకూ పరాయి ఊరివాళ్ళకూ విడిచిపెట్టాలని బైబిలు పాత నిబంధనలో ఒక కట్టడ, అంటే శాసనం, ఉంది. మన దగ్గర పల్లికాయ పీకాక మట్టిలో మిగిలిన కాయల కోసం కూలి ఆడవాళ్ళు చేలోకి వస్తారు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలన్నది నా ఆలోచన. మేడం ఎప్పుడో ఆ కట్టడల మీదే ఒక పుస్తకం రాశారు. అందులో పరిగె గురించిన అధ్యాయాన్ని పెద్ద పెద్ద యూనివర్సిటీల్లో చెప్తారని విన్నాం. చేను అంచు యజమాని దయకు గుర్తు అని ఆ అధ్యాయం సారం. నేను దాన్ని కళ్ళకద్దుకుని నా సిద్ధాంతమంతా దాని మీదే కట్టాను. మేడం ఒకే ఒక పని పెట్టారు. "పుస్తకాలు చాలు. పరిగె ఏరే మనిషితోని కూసుని మాట్లాడి రా. ఒక్కరైనా సరే."

నేను మాట్లాడలేదు. దానికి పెద్ద కారణమేమీ లేదు. బద్ధకం, దాని మీద కాస్త గర్వం. పరిగె మా చేలో జరిగేదే కదా, పుట్టినప్పటి నుంచి గట్టు మీద నిలబడి చూసిందే కదా, మళ్ళీ అడిగేదేముంది అనుకున్నాను. హాస్టల్ గదిలో ఒక మధ్యాహ్నం కూర్చుని లక్ష్మమ్మ అనే మనిషిని పుట్టించాను. అరవయ్యేళ్ళు, కూలి, తిమ్మాజిపేట మండలం. ఆమె పొద్దున్నే చేలోకి వెళ్తుంది, కొడవలి పక్కన పెట్టుకుని చెట్టు కింద కూర్చుంటుంది, "పటేలు దయగల్లోడు బిడ్డా, మాకోసమే అంచులు ఇడిసిపెడతడు" అంటుంది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గాని, రాస్తున్నప్పుడు నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. అంత మంచి ముసలమ్మను నేనెప్పుడూ చూడలేదు మరి.

టైపు చేయించిన ప్రతి తీసుకుని గద్వాల వెళ్ళాను. మేడం ఇల్లు కోట గోడకు దగ్గరలో ఉండేది. సాయంత్రం నాలుగయ్యేసరికి ఆ గోడ నీడ వీధి దాటి వచ్చి ఆమె అరుగు మీద పరుచుకునేది. ఆ నీడలో వెదురు కుర్చీ వేసుకుని ఆమె చదువుతున్నారు, నేను మెట్టు మీద కూర్చుని రామచిలుకల గోల వింటున్నాను. సంతకానికి గడువు పది రోజులు. ఎం.ఫిల్ సమర్పించిన కాగితం చూపిస్తే నగరంలో పీహెచ్‌డీ సీటు ఖాయమైనట్టే. ఆ సంతోషం మత్తులా కమ్మి సగం కునుకులో ఉన్నాను. కాగితం తిప్పే చప్పుడు ఆగింది.

"ఈ లక్ష్మమ్మ మీ ఊరామెనా?" అన్నారు.

"అవును మేడం."

"యాడ కూసుని మాట్లాడిండ్రు?"

"చేన్లనే. చెట్టు కింద."

"కొడవలి పక్కకు వెట్టుకుని కూసున్నదా?"

"అవును మేడం" అన్నాను. అక్కడ కూడా ఆగలేదు నేను.

ఆమె కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "పల్లిచేన్ల కొడవలి ఎందుకు బిడ్డా?"

నాకు ఒక్క నిమిషం ప్రశ్నే అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. పల్లిచెట్టును పీకుతారు, కోయరు. మిగిలిన కాయ మట్టిలో ఉంటుంది, తవ్వి తీయాలి. రైతుబిడ్డను, నాకు తెలియని సంగతి కాదు. కాని రాస్తున్నప్పుడు నా కళ్ళ ముందున్నది మా చేను కాదు, దూరదేశపు పండితులు వర్ణించిన యవల చేను. వాళ్ళ కంకులు, వాళ్ళ కొడవళ్ళు తెచ్చి మా ఊరి మట్టిలో పెట్టాను. ఆపిల్ అని రాసి ఒకసారి సిగ్గుపడ్డ పిల్లనే నేను.

మేడం కేకలేయలేదు. వేస్తే బాగుండేది. "లేని మనిషి మీద నేనెట్ల సంతకం వెడత?" అన్నారు.

"పది రోజులే ఉన్నయి మేడం. సీటు పోతది."

"పోతది" అన్నారు. లోపలికి వెళ్ళి రెండు గ్లాసుల్లో చాయ తెచ్చి, ఒకటి నాకిచ్చి, వీధిలోకి చూస్తూ కూర్చున్నారు. ఆ చాయ రుచి నాకు గుర్తులేదు, తాగానో లేదో కూడా.

మర్నాడు కాలేజీలో శాఖలోని రెండో అధ్యాపకుడు నన్ను పిలిచి, "గైడును మార్చుకునే ఫారం ఉంటది. నింపి తీస్కరా, నేను వెడత సంతకం. గివన్ని ఎవలు చూస్తరమ్మా?" అన్నాడు. చెడ్డవాడేం కాదు, నా మీద జాలితోనే అన్నాడు. ఫారం నింపాను. మేడం మీద నాకు కోపంగా ఉంది. రెండు పేజీల కోసం రెండేళ్ళ కష్టాన్ని గంగలో కలుపుతారా అని మనసులో వంద మాటలు అనుకున్నాను. ఆ ఫారం సంచిలో పెట్టుకునే ఊరికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో అప్పుడు తెలియదు. ఇంటికి వెళ్తున్నానని చెప్పుకున్నాను గాని, బస్సు దిగి నేరుగా చేనికి నడిచాను.

పీకుడు అయిపోయి వారం దాటినట్టుంది. చలికాలపు ఎండ పలచగా ఉంది, ఎర్రటి నేల మీద మధ్యాహ్నం కదలకుండా నిలబడి ఉంది. నలుగురైదుగురు ఆడవాళ్ళు దూరదూరంగా కూర్చుని ఇనుపముక్కలతో మట్టి తవ్వుతున్నారు. ఎవరూ మాట్లాడటం లేదు, మట్టి గీకే చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. గట్టు దిగి నడుస్తుంటే ఆ చేను నాకు కొత్తగా, ఎప్పుడో కలలో చూసినట్టుగా అనిపించింది. నా చిన్నప్పటి నుంచి మా చేలో కనిపించే ఒక ముసలామె తలెత్తి, "ఎవలు, సుజాతనా?" అంది. నా పేరు ఆమెకు తెలుసు. ఆమె పేరు నాకు తెలియదు. లక్ష్మమ్మ అని కల్పించుకోవలసి వచ్చింది అందుకే కదా అని అప్పుడు తట్టింది.

"నీ పేరేందవ్వా?" అన్నాను.

"ఉసేనమ్మ. నువ్వు గింత ఉన్నప్పటి సంది వస్తున్న ఈ చేన్లకు. ఇయ్యాల అడిగినవ్ పేరు" అని నవ్వింది. దెప్పిపొడుపు లేదు ఆ నవ్వులో. అందుకే ఎక్కువ తగిలింది.

పక్కన కూర్చుని, మా నాయిన మీకోసం అంచులు విడిచిపెడతాడు కదా అని అడిగాను. ఆమె చేతిలో పని ఆపి నన్ను చూసింది. "అంచులా? యాడున్నయో చూపియ్యి బిడ్డా, ఆడనే పోయి ఏరుకుంట." తర్వాత ఓపిగ్గా చెప్పింది. ముందు కూలోళ్ళు పీకుతారు. తర్వాత ఇంటివాళ్ళు ఏరిస్తారు. తర్వాత ఒక సాలు దున్నించి మళ్ళీ ఏరిస్తారు. అప్పుడు వీళ్ళను రానిస్తారు. "మేం రెండు గంపలు ఏరితే ఒకటి మీ ఇంట్ల వొయ్యాలె. నీకు యాదిలేదా? చిన్నప్పుడు ఆ గంప పక్కన కూసుని ఒలుసుకుని తింటుంటివి."

యాదికుంది. ఆ గంపలు యాదికున్నాయి. అవి ఎక్కడి నుంచి వస్తున్నాయో ఎప్పుడూ అడగలేదు.

పొద్దు గుంకేదాకా ఆమెతోపాటు తవ్వాను. ఒక దోసెడు కాయలు కూడా రాలేదు, చూపుడువేలి గోరు మాత్రం మొదలుదాకా చీలింది. లేచేటప్పుడు, ఇదంతా నీ పేరుతో రాస్తాను, సరేనా అని అడిగాను. "రాయి. అబద్ధం చెప్పిన్నా?" అంది. చేతుల మట్టి దులుపుకుంటూ, "మీ నాయినకు కోపమొచ్చి రేపు చేన్లకు రానియ్యకుంటే మాత్రం, నువ్వే నిలవడాలె" అంది.

అందుకని ముందు మా నాయినకు చదివి వినిపించాను. పది రోజులు కొట్టేసి తిరగరాసిన ఆరు పేజీలు. పొద్దున్నే ఆకిట్లో మంచం మీద కూర్చుని వేపపుల్ల నములుతూ విన్నాడు. గంప దగ్గరికి వచ్చేసరికి నమలడం ఆపాడు.

"గంప సంగతి గూడ రాసినవా?"

"రాసిన నాయినా."

"అందరు గట్లనే తీస్కుంటరు. నేనొక్కన్నే కాదు."

"అది గూడ రాసిన."

"ఎవలో రైతు అని వెట్టరాదు?"

"వెట్టొచ్చు. ఆ రైతు నాకు ఏమైతడో చెప్పకుంటే మాత్రం అది దాసినట్టే."

కన్నతండ్రిని కాగితం మీద నిలబెట్టడం ఎంత కష్టమో అంతకు ముందు ఎవరైనా చెప్పినా నమ్మేదాన్ని కాదు. చివరికి పుల్ల పక్కకు ఉమ్మి, "నువ్వు రాసింది అబద్ధమా?" అన్నాడు.

"కాదు."

"అయితే ఉండనియ్."

ఉసేనమ్మను ఏమీ అనవద్దన్నాను. "నేనెందుకంట? ఆమె చెప్పింది నాకు తెల్వందా?" అని లేచి వెళ్ళి, గుమ్మం దగ్గర ఆగి, "ఆమె పేరు అన్నిసార్లు రాసినవ్, నాది ఒక్కసారేనా?" అన్నాడు. అది వేళాకోళమో, నొప్పో ఈనాటికీ తేల్చుకోలేదు. రెండూ అయి ఉంటాయి.

అప్పటికి గడువు దాటిపోయింది. సీటు ఇంకొకరికి వెళ్ళింది. ఫారం సంచిలోనే నలిగి ఎటు పోయిందో తెలియదు. మళ్ళీ గద్వాల వెళ్ళి ఆ పేజీలు మేడం చేతికిచ్చాను. అదే అరుగు, అదే నీడ. ఈసారి ఆమె చదువుతుంటే నాకు కునుకు రాలేదు. చదవడం అయ్యాక ఆమె నా చేయి పట్టుకుని చీలిన గోరు చూశారు. తర్వాత తన చేయి పక్కన పెట్టారు. ఆమె చూపుడువేలి గోరు నడుమ ఒక గాడి ఉంది. ఏళ్ళ తరబడి ఆ వేలే బోర్డు మీద కదులుతుంటే చూశాను, గాడి మాత్రం చూడలేదు.

"లింగాల దగ్గర మాది. పదేండ్లొచ్చేదాంక మా అమ్మతోని పరిగె ఏరిన. తర్వాత మిషన్ హాస్టల్ల వేసిండ్రు" అన్నారు. "గంప సంగతి నాకు తెల్వక దయ అని రాయలే బిడ్డా. పెద్ద పండితులందరు దయ అన్నరు. కాదు, నేను ఏరిన, నాకు తెలుసు అంటే, ఈమె ఎక్కడి నుంచి వచ్చిందో అందరికి తెలుస్తదని భయపడ్డ. నువ్వు లేని మనిషిని రాసినవ్. నేను ఉన్న మనిషిని దాసిన. మా అమ్మను."

ఆమె ఏడవలేదు, నేను ఏడ్చాను. కోట గోడ మీద ఎండ పసుపుపచ్చగా మారి మెల్లగా పైకి పాకుతోంది. ఆ సాయంత్రం ఎంతసేపు అలా కూర్చున్నామో లెక్క లేదు. నా జ్ఞాపకంలో అది ఇంకా అయిపోలేదు.

నా ఎం.ఫిల్ మరుసటి ఏడాది అయింది. అంతకంటే ముందు మేడం తన పుస్తకం గురించి ఒక పత్రికకు ఉత్తరం రాశారు. ఫలానా అధ్యాయంలో నేను రాసింది తప్పు, తప్పని తెలిసే రాశాను, నాకు తెలిసినది మా అమ్మ బాలమ్మ దగ్గర, లింగాల చేలల్లో నేర్చుకున్నాను అని. దాన్ని క్లాసులో తానే చదివి వినిపించారు. మేం చప్పట్లు కొట్టబోతే చెయ్యెత్తి ఆపి, "మెచ్చుకోకుండ్రి. మెచ్చుకుంటే ఇంకో తప్పు చేయాలనిపిస్తది" అన్నారు. కొందరు ఆమెను ఎగతాళి చేశారు, కొన్ని సభలకు పిలవడం మానేశారు. ఆమె మాత్రం ఆ ఏడాది నుంచి కొంచెం తేలికగా నడిచేవారని నాకనిపించేది. పోయేదాకా అలాగే నడిచారు.

ఇప్పుడు నేను నాగర్‌కర్నూల్లో పాఠం చెప్తున్నాను. ప్రతి ఏడాదీ కొత్త పిల్లలకు మొదటి వారంలోనే లక్ష్మమ్మ సంగతి చెప్తాను. నా మాటగా, నా తప్పుగా చెప్తాను. పిల్లలు నవ్వుతారు, ఇద్దరు ముగ్గురు తలదించుకుంటారు. పదిహేనేళ్ళుగా చెప్తున్నా నాకు అది అలవాటు కాలేదు. పోయినేడు వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచి, "మేడం, ఆమె జాగాల ఇంకొకామెను రాసిన్రని ఉసేనమ్మకు చెప్పిన్రా?" అని అడిగింది. చెప్పలేదు. ఆ ప్రశ్న నాకు ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తట్టలేదు.

ఆ ఆదివారమే ఊరికి వెళ్ళాను. ఉసేనమ్మ ఇప్పుడు చేనికి రాదు, చూపు మందగించింది, ఇంటి ముందు గోనెసంచి మీద కూర్చుని ఉంది. మా నాయిన లేడు, చేను కౌలుకిచ్చాం. కౌలుకు చేసేవాళ్ళు కూడా పరిగె ఏరేవాళ్ళను గంప అడుగుతున్నారట. పక్కన కూర్చుని అంతా చెప్పాను, లక్ష్మమ్మ పేరు, చెట్టు, కొడవలి, ఏదీ వదల్లేదు. ఆమె శ్రద్ధగా వింది.

"ఆ లక్ష్మమ్మ ఏమన్నది మీ నాయినను?" అంది.

"దయగల్లోడు, మాకోసమే అంచులు ఇడిసిపెడతడు అన్నది అవ్వా."

ఉసేనమ్మ పళ్ళులేని నోటితో నవ్వింది. నా చేయి వెతికి పట్టుకుంది.

"గందుకే లేదు బిడ్డా ఆమె" అంది.

మేడం ఉంటే ఆ పూటే గద్వాల బస్సెక్కేదాన్ని. లేరు. ఆ మాట నా దగ్గరే ఉంది. ఎప్పుడు చెప్పినా ఉసేనమ్మ చెప్పిందనే చెప్తాను.